పక్కింటి గొడవలోకి తుపాకీతో వెళ్ళొచ్చా?

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఎడిటర్ దిద్దుతాడన్న ధైర్యంతో రాస్తున్నాను.

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్బు పెట్టిన తెలుగు డిబేట్ గుర్తుందా? టాపిక్ ఇది: పరాయి దేశంలో జరిగే యుద్ధంలోకి ఇంకో దేశం తన సైన్యాన్ని దించవచ్చా? చీటీ తీస్తే నాకు "దించవచ్చు" వచ్చింది. రువాండా గురించి గట్టిగా చెప్పాను. 1994లో నూరు రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపుతుంటే ప్రపంచం చూస్తూ కూర్చుంది. అప్పటికే అక్కడున్న ఐక్యరాజ్యసమితి దళాన్ని పెంచాల్సింది పోయి తగ్గించారు. "పక్కింట్లో పిల్లాడిని చావగొడుతుంటే గోడ దూకి వెళ్ళమా? తలుపు కొట్టి పర్మిషన్ అడుగుతామా?" అని అడిగాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఫస్ట్ ప్రైజ్ కూడా వచ్చింది.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఆ సర్టిఫికెట్ తీసుకెళ్ళాను. మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. మా పెద్దనాయన ఆర్మీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని టాపిక్ మొత్తం చదివి, "దించొచ్చని చెప్పి గెలిచినావా?" అన్నాడు. అవునన్నాను. "దించేది సులువే నాయనా. మమ్మల్ని గూడా దించినారు" అని సర్టిఫికెట్ నా చేతిలో పెట్టి, పాలు పిండే టైమైందని లేచి పోయాడు.

ఆయన 1987లో శ్రీలంకలో ఉన్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసంట. నాకే తెలీదు. నేను చదివిన సోషల్ పుస్తకంలో ఐపీకేఎఫ్, అంటే భారత శాంతి పరిరక్షక దళం, ఒక్క లైనులో అయిపోయింది. మా అవ్వని అడిగితే, "ఆ రెండేండ్లు పోస్టుమాన్ సైకిల్ మన సందులోకి తిరిగితే చాలు, నాకు కాళ్ళు ఆడేవి కావు" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. హాస్టల్‌కి వచ్చాక నేనే చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది. నా డిబేట్ స్పీచ్‌కి నేనే రాస్తున్న జవాబు అనుకోండి.

శాంతి కోసం వెళ్ళిన సైన్యం

శ్రీలంకలో 1983 జులైలో తమిళుల మీద ఘోరమైన ఊచకోత జరిగింది. వేలమంది సముద్రం దాటి తమిళనాడుకు వచ్చారు. అప్పుడు మన ప్రభుత్వం రెండు పనులు ఒకేసారి చేసింది. ఒక పక్క కొలంబోతో చర్చలు జరుపుతూ, ఇంకో పక్క తమిళ మిలిటెంట్ గ్రూపులకు మన గడ్డ మీదే ట్రైనింగ్, ఆయుధాలు ఇచ్చింది. ఎల్టీటీఈ వాళ్ళూ అందులో ఉన్నారు. ఈ విషయం ఇప్పుడు రహస్యమేమీ కాదు.

1987 జులై 29న కొలంబోలో ఒప్పందం జరిగింది. సంతకాలు చేసింది ఇద్దరు: మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే. తమిళ గ్రూపులు ఆయుధాలు అప్పగించాలి, లంక సైన్యం బ్యారక్స్‌కి పోవాలి, తమిళ ప్రాంతాలకు కొంత అధికారం ఇవ్వాలి, ఇవన్నీ సరిగ్గా జరిగేలా భారత్ చూడాలి. చదవడానికి బాగుంది. కానీ ఆయుధాలు కింద పెట్టాల్సిన ఎల్టీటీఈ సంతకం అందులో లేదు. సింహళీయుల్లో చాలామందికి కూడా అది ఇష్టం లేదు. మరుసటి రోజే గౌరవ వందనం దగ్గర ఒక లంక నావికుడు తుపాకీ తిప్పి రాజీవ్ గాంధీ మీద కొట్టాడు. ఆ వీడియో నెట్‌లో ఉంది, చూడండి. ఆయన తల వంచబట్టి దెబ్బ భుజం మీద పడింది.

మొదట దిగిన 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ మన సికింద్రాబాద్‌లో ఉండేదే. జాఫ్నా జనం మొదట్లో మన సైనికులకు పూలు చల్లి స్వాగతం చెప్పారు. పండగ వెళ్ళాక ఫోన్ చేసి అడిగితే పెద్దనాయన కూడా అదే చెప్పాడు: "పూలు చల్లినార్రా. దండలేసినారు. మూడు నెలలు తిరక్కుండానే అదే రోడ్డులో మైన్లు పెట్టినారు." ఎందుకు అలా మారిందని అడిగాను. "మాకేం తెల్సు? బండి తోలమంటే తోలినాం" అన్నాడు.

అక్టోబర్ 10న శాంతి దళం యుద్ధం మొదలుపెట్టింది. ఎల్టీటీఈ నాయకులను పట్టుకోవడానికి జాఫ్నా యూనివర్సిటీ ఆవరణలో రాత్రిపూట హెలికాప్టర్లతో సైనికులను దించారు. కింద అవతలివాళ్ళు కాచుకుని ఉన్నారు. సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ నుంచి దిగిన 30 మందిలో 29 మంది అక్కడే చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు. మన క్యాంపస్ ఫుట్‌బాల్ గ్రౌండ్ చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తోంది. వాళ్ళల్లో చాలామంది మనకంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళు, అంతే.

ఇంకో వైపు కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. అదే నెల 21న, దీపావళి రోజు, జాఫ్నా ఆసుపత్రిలో భారత సైన్యం చేతిలో డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి టైగర్లు కాల్చారని, ఎదురు కాల్పుల్లో జరిగిందని సైన్యం వాదన. అక్కడ బతికి బయటపడ్డవాళ్ళు మాత్రం దాన్ని అలా చెప్పుకోరు. కాపాడటానికి వచ్చినవాళ్ళు అనుకున్న సైన్యం మీద ఆ ఊరికి మళ్ళీ నమ్మకం ఎలా వస్తుంది?

తర్వాత అంతా తలకిందులైంది. 1989లో అధ్యక్షుడైన ప్రేమదాస, భారత సైన్యం వెళ్ళిపోవాలని పట్టుబట్టాడు. అంతటితో ఆగకుండా, మన సైన్యంతో పోరాడటానికి ఎల్టీటీఈకి ఆయుధాలు ఇప్పించాడు. ఎవరి ప్రభుత్వం పిలిస్తే వెళ్ళామో ఆ ప్రభుత్వమూ, ఎవరి కోసం వెళ్ళామో వాళ్ళ పేరు చెప్పుకునే గ్రూపూ కలిసి మనల్నే పొమ్మన్నాయి. 1990 మార్చి 24న చివరి సైనికులు ఓడ ఎక్కారు. 32 నెలల్లో సుమారు 1200 మంది భారత సైనికులు చనిపోయారు. తిరిగొచ్చిన దళానికి చెన్నైలో స్వాగతం పలకడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. ఆ సైన్యం అక్కడ తమిళులనే చంపిందని ఆయన కోపం.

ఆ తర్వాత జరిగింది మన శ్రీ సిటీకి రెండు గంటల దూరంలోనే. ఫస్టియర్‌లో ఇండస్ట్రియల్ విజిట్‌కి శ్రీపెరంబుదూర్ వైపు వెళ్ళాం కదా, హైవే పక్కనే రాజీవ్ గాంధీ స్మారకం ఉంది. బస్సులో మనం అప్పుడు అంత్యాక్షరి ఆడుతున్నాం. 1991 మే 21న ఎన్నికల సభకు వచ్చిన ఆయన్ని ఎల్టీటీఈ మానవ బాంబు అక్కడే చంపింది. సైన్యాన్ని పంపాడన్న పగతో చేసిన హత్య అది. ఆయనతో పాటు సభకు వచ్చినవాళ్ళు, డ్యూటీలో ఉన్న పోలీసులు కూడా పోయారు. సైన్యం వెనక్కి వచ్చేసి అప్పటికి ఏడాది దాటింది.

గుమ్మిడిపూండిలో ఎక్కిన మనిషి

ఫిబ్రవరిలో ఒక ఆదివారం రిచీ స్ట్రీట్‌లో ల్యాప్‌టాప్ స్క్రీన్ మార్పించుకుందామని తడలో లోకల్ ఎక్కాను. గుమ్మిడిపూండిలో ఒకాయన ఎక్కి నా ఎదురు సీట్లో కూర్చున్నాడు. యాభై దాటి ఉంటాయి. చేతుల మీద పెయింట్ మరకలు. నా బ్యాగ్ మీద కాలేజీ పేరు చూసి, శ్రీ సిటీలో ఫ్యాక్టరీలకు పెయింటింగ్ పనికి వస్తుంటానని తమిళంలో చెప్పాడు. చిత్తూరు జిల్లా వాళ్ళం కదా, తమిళం నాకు బాగానే అర్థమవుతుంది. కానీ ఆయన తమిళం వేరుగా ఉంది. ఏ ఊరని అడిగాను. "క్యాంపు" అన్నాడు. దానికి ముందు? "యాళ్పాణం." అంటే జాఫ్నా.

గుమ్మిడిపూండిలో శ్రీలంక శరణార్థుల క్యాంపు ఉందని మనలో ఎంతమందికి తెలుసు? తడ నుంచి మూడో స్టేషన్. నేను ఆ లైన్లో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. నాకు తెలీదు.

మా పెద్దనాయన సంగతి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చెప్పేశాను. ఆయన ముఖం ఏమీ మారలేదు. అప్పుడు తనకి పన్నెండేళ్ళట. మొదట్లో మన సైనికులకు వాళ్ళమ్మ టీ పెట్టి ఇచ్చిందట. తర్వాత వాళ్ళ మామయ్యని విచారణకని తీసుకుపోయారట. పది రోజులకి వదిలారు కానీ ఆయన మళ్ళీ మామూలు మనిషి కాలేదట. 1990లో మనవాళ్ళు వెళ్ళిపోయిన కొద్ది నెలలకే మళ్ళీ యుద్ధం మొదలైతే, పడవెక్కి రామేశ్వరం వైపు వచ్చేశారు. అప్పటి నుంచి ఇక్కడే.

"మావాళ్ళు రావడం తప్పా?" అని అడిగాను. డిబేట్ బుర్ర కదా, తప్పు ఒప్పు తేలాలి. ఆయన, "తంబీ, వాళ్ళు ఎవరి కోసం వచ్చారో వాళ్ళకే తెలీలేదు. మాకెలా తెలుస్తుంది?" అన్నాడు. తర్వాత, "నీకు పాస్‌పోర్టు ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. వాళ్ళబ్బాయి క్యాంపులోనే పుట్టాడు, మెకానికల్ డిప్లొమా చేశాడు, పాస్‌పోర్టు లేదు. మన చట్టం ప్రకారం 1987 జులై 1 తర్వాత ఇక్కడ పుట్టినవాళ్ళకి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా భారత పౌరులు అయితే తప్ప పౌరసత్వం రాదు. 2019 చట్ట సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చిన వాళ్ళలో కొందరికి దారి చూపింది. అందులో శ్రీలంక లేదు. తమిళనాడు క్యాంపుల్లో ఇలాంటివాళ్ళు యాభై వేలకు పైనే ఉన్నారు.

అయితే ఎప్పుడూ వెళ్ళకూడదా?

ఇంత చదివాక "అస్సలు వెళ్ళకూడదు" అని తేల్చేస్తే నాకు హాయిగా ఉండేది. కానీ 1971 అడ్డం వస్తుంది.

తూర్పు పాకిస్తాన్‌లో జనం ఎన్నికల్లో షేక్ ముజీబ్ పార్టీని గెలిపిస్తే, పాకిస్తాన్ సైన్యం అధికారం ఇవ్వకపోగా 1971 మార్చి 25 రాత్రి నుంచి చంపడం మొదలుపెట్టింది. కోటి మంది దాకా మన దేశంలోకి వచ్చారు. డిసెంబర్ 3న పాకిస్తాన్ మన విమానాశ్రయాల మీద దాడి చేశాక పూర్తి యుద్ధం వచ్చింది. ఆ రాత్రే విశాఖ దగ్గర ఘాజీ జలాంతర్గామి మునిగింది. బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ముందు మనలో చాలామంది ఫొటోలు దిగే ఉంటారు. డిసెంబర్ 7న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో యుద్ధం ఆపి సైన్యాలు వెనక్కి పోవాలని 104 దేశాలు ఓటు వేశాయి. కాదన్నవి 11. ప్రపంచం మాట విని మనం ఆగి ఉంటే ఢాకాలో ఏమయ్యేది? డిసెంబర్ 16న పాక్ సైన్యం లొంగిపోయింది. 1972 మార్చికల్లా మన సైన్యం తిరిగి వచ్చేసింది.

1988 నవంబర్ 3 ఇంకోటి. మాల్దీవుల రాజధాని మాలేని కిరాయి సాయుధులు పట్టుకుంటే అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగాడు. ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు ఆ రాత్రికే దిగారు. గంటల్లో పరిస్థితి అదుపులోకి వచ్చింది. అప్పుడు మన ఇంకో సైన్యం జాఫ్నాలో ఇరుక్కునే ఉంది. అదే దేశం, అదే ప్రధాని, అదే సైన్యం. ధైర్యంలో తేడా ఏముంటుంది? తేడా అప్పజెప్పిన పనిలో ఉంది.

1971లో అడిగినవాళ్ళు అక్కడి జనం ఓటేసి ఎన్నుకున్నవాళ్ళు. పని ఏమిటో తెలుసు, అది ఎప్పుడు అయిపోయినట్టో కూడా తెలుసు. మనం పుణ్యాత్ములమని కాదు, పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకూ లాభమే. ముక్తి వాహినికి ట్రైనింగ్ ఇచ్చిందీ మనమే. కానీ ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళ పక్కనే నిలబడి పోరాడాం. 1987లో మనమే తుపాకీ ఇచ్చి, మనమే లాక్కోవడానికి వెళ్ళాం. పని ఎప్పుడు అయిపోయినట్టో ఒప్పందం రాసినవాళ్ళు కూడా చెప్పలేరు.

మన భాషలో చెప్పాలంటే, ఫస్టియర్ ల్యాబ్‌లో మనందరం ఎగ్జిట్ కండిషన్ లేకుండా లూప్ రాసి సిస్టమ్ హ్యాంగ్ చేసినవాళ్ళమే. అక్కడ కంట్రోల్ సీ నొక్కితే సరిపోతుంది. జాఫ్నాలో అది నొక్కడానికి 32 నెలలు పట్టింది.

నా దగ్గర జవాబు లేని చోటు

2009. శ్రీలంక సైన్యం ఎల్టీటీఈని పూర్తిగా ఓడించిన చివరి నెలలు. ముళ్ళివాయ్‌క్కాల్ దగ్గర చిన్న తీరప్రాంతంలో జనం ఇరుక్కుపోయారు. బయటికి పోనివ్వకుండా టైగర్లు, పై నుంచి సైన్యం గుళ్ళు. ఆ చివరి దశలో చనిపోయిన పౌరులు 40 వేల దాకా ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. శ్రీలంక ప్రభుత్వం ఆ లెక్క ఒప్పుకోలేదు. ఈసారి మనం వెళ్ళలేదు. 1987, 1991 తర్వాత ఏ ప్రభుత్వమైనా వెళ్తుందా?

అంటే ఒకసారి తప్పుగా వెళ్ళినందుకు, నిజంగా అవసరమైన రోజున వెళ్ళే ముఖం లేకుండా పోయింది. నా రువాండా స్పీచ్‌లో ఇది లేదు. "ఎవరూ వెళ్ళలేదు" అని తిట్టాను కానీ ఎందుకు వెళ్ళలేదో చూడలేదు. రువాండాకి ముందు ఏడాదే సోమాలియాలో అమెరికా సైనికులు చనిపోయారు. ఆ దెబ్బకే రువాండాలో ఎవరూ కదల్లేదని చదివాను. 2009లో మనం వెళ్ళి ఉంటే ఆ జనం బతికేవాళ్ళా, ఇంకో యుద్ధం మొదలయ్యేదా? నాకు తెలీదు. తెలిసినట్టు రాయను.

నేను ఇప్పుడు అనుకునేది

అడ్డంగా "వద్దు" అనను. కానీ సైన్యాన్ని పంపే ముందు నాలుగు ప్రశ్నలకి అందరి ముందు జవాబు చెప్పలేని ప్రభుత్వం పంపకూడదు.

ఒకటి, ఎవరు పిలిచారు? రాజధానిలో సంతకం పెట్టినాయన ఒక్కడేనా, లేక మన సైనికులు నడిచే వీధుల్లో ఉండేవాళ్ళు కూడానా?

రెండు, పని ఏమిటి? ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "శాంతి నెలకొల్పడం" వాక్యం కాదు, కోరిక.

మూడు, అది అయిపోయిందని ఎలా తెలుస్తుంది, అవ్వకపోతే ఎప్పుడు వెనక్కి రావాలి? మన దేశంలో సైన్యాన్ని బయటికి పంపడానికి పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు. కావాలని నా అభిప్రాయం. 2003లో ఇరాక్‌కి సైన్యం పంపమని అమెరికా అడిగితే వాజ్‌పేయి ప్రభుత్వం జులైలో కుదరదని చెప్పింది. చెప్పకముందు పార్లమెంటులో, పేపర్లలో పెద్ద గొడవే జరిగింది. ఆ గొడవ వల్లే మంచి జరిగిందని నేను నమ్ముతున్నాను.

నాలుగు, మనం వచ్చేశాక మిగిలిపోయేవాళ్ళకి ఎవరు బాధ్యత?

"ఇన్ని ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటే అక్కడ జనం చచ్చిపోతారు కదా" అని మీరు అనొచ్చు. నేనే అన్నాను, స్టేజి మీద. కానీ మాల్దీవుల విషయంలో మొదటి మూడింటికీ గంటల్లోనే జవాబు దొరికింది, ఎందుకంటే జవాబులు ఉన్నాయి. ఎంత వెతికినా దొరకట్లేదంటే ప్రశ్నలు ఎక్కువై కాదు, వెళ్ళకూడని చోటికి వెళ్తున్నామని అర్థం.

నాలుగో ప్రశ్న మాత్రం ఇంకా మన మీదే ఉంది. సైన్యం పంపడానికి నిధులు, ఓడలు, జనరల్స్ కావాలి. మూడో స్టేషన్లో పుట్టి పెరిగిన కుర్రాడికి పౌరసత్వం ఇవ్వడానికి ఒక చట్ట సవరణ చాలు. పరాయి దేశంలో జనాన్ని కాపాడతామని తుపాకీలతో వెళ్ళిన దేశం, అక్కడి నుంచి పారిపోయి మన గుమ్మం ఎక్కినవాళ్ళని మూడున్నర దశాబ్దాలుగా "క్యాంపు"లో ఉంచడం నాకు అర్థం కావట్లేదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం వాటి పేరు పునరావాస శిబిరాలని మార్చింది. పేరు మారడం మంచిదే. ఆ పెయింటర్ గారబ్బాయికి పాస్‌పోర్టు కావాలి.

పెద్దనాయనకి ఫోన్ చేసి ట్రైన్లో కలిసినాయన గురించి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, "వాళ్ళమ్మ బాగుందా? టీ ఇచ్చినామె?" అని అడిగాడు. ఆ మాట నేను ఆయన్ని అడగనే లేదు.

వచ్చే డిబేట్‌లో ఇదే టాపిక్ మళ్ళీ పెట్టమని క్లబ్బు వాళ్ళని అడుగుతున్నాను. ఈసారి చీటీలు వద్దు. ముందు అందరం కలిసి తడలో లోకల్ ఎక్కి గుమ్మిడిపూండిలో దిగుదాం. వాళ్ళు మాట్లాడటానికి ఇష్టపడితే విందాం. తర్వాత ఎవరు ఏ పక్క నిలబడతారో నిలబడండి.